పిడికెడు పిండి వదిలిన అవ్వ

అవ్వ పోయిందన్న సంగతి నాకు మద్రాసులో, పెరంబూరు స్టేషనులో తెలిసింది. శనివారం అంబత్తూరు అవతల ఒక పల్లెలో ప్రార్థన కూడిక పెట్టుకుని, అక్కడే పడుకుని, ఆదివారం తొలి బండికి తిరిగి వచ్చాను. క్రిస్మసు దగ్గరపడుతున్న రోజులు. మంచు పట్టాల మీద ఇంకా లేవకుండా పడుకుని ఉంది. దీపాల చుట్టూ పసుపురంగు పొగలా ఏదో తిరుగుతోంది. ప్లాట్‌ఫారం చివర ఒక మనిషి ఆకారం కనబడింది. దగ్గరికి వస్తే మా కాంపౌండులో పక్క వాటా దర్జీ భాయి. నన్ను తీసుకుపోవడానికి ఆయన ఎప్పుడూ స్టేషనుకు వచ్చినవాడు కాదు. అందుకే, ఆయన నోరు తెరవకముందే నా కాళ్లు ఆగిపోయాయి.

"అవ్వ పోయినాది అన్నా," అన్నాడు. "తెల్లారకముందే. నిద్దర్లోనే. మీ ఇంటామె కాఫీ తీసుకోని పొయ్యి పిలిచె. పలకలే."

నా చంకలో గ్రంథం ఉంది. ఇట్లాంటి వేళ చదవవలసిన వాక్యాలు నాకు పుట తిప్పకుండానే వచ్చు. ఎన్నో ఇళ్ల గడపల్లో నిలబడి చదివినవాణ్ణి. ఆ పూట ఒక్కటీ నోటికి రాలేదు. భాయి నా చేతిసంచి తీసుకున్నాడు. ఇద్దరం మంచులో నడిచాం.

ఈ పత్రిక చదివేవారిలో నా గొంతు ఎరిగినవాళ్లు చాలామందే ఉంటారు. అంటు మీద, కులం మీద ఏ వీధి మొగలో నిలబడి మాట్లాడినా ఆ చివరిదాకా వినబడే గొంతు అది. ఈసారి గొంతు పెంచను. మా అవ్వకు పెద్ద గొంతులు నచ్చవు.

అవ్వ నాకు ఏ చుట్టమూ కాదు. ఆ కాంపౌండులో ఆరు వాటాలున్నాయి. ముందు వాటా ఆమెది. వాళ్ల పెద్దలు ఎన్ని తరాల కిందట చిత్తూరు వైపు నుంచి ఈ పట్నానికి వచ్చారో ఆమెకే తెలియదు. భర్త రైల్వే వర్క్‌షాపులో బాయిలరు దగ్గర పనిచేసి చనిపోయాడట. ఇంటి యజమానికి పురసవాక్కంలో జవుళి కొట్టు ఉంది. కాంపౌండు బాగోగులన్నీ అవ్వ చేతిలో పెట్టి, ఆయన దీపావళికీ ఉగాదికీ మాత్రం కనబడేవాడు. ఎవరికి వాటా ఇవ్వాలో, ఎవరికి వద్దో చెప్పేది అవ్వే.

నాకు వారమంతా రైల్వే వర్క్‌షాపులో పని, సెలవుల్లో బోధ. మేం ఆ గేటు ముందుకు వచ్చి నిలబడేనాటికి మమ్మల్ని రెండిళ్లలోంచి పంపేసి ఉన్నారు. ఆదివారం తెల్లచీర కట్టుకుని నా భార్య బయల్దేరడం చూస్తే చాలు, ఇంటివాళ్లకు మేమెవరమో కనుక్కోవాలని బుద్ధి పుట్టేది. ఎవరమో అంటే ఏ మతమని కాదు. ఈ మతంలోకి రాకముందు నెల్లూరు జిల్లాలో ఏ పల్లెకు ఏ చివర ఉండేవాళ్లమని. అది తెలిశాక వాళ్ల మాటల్లో మర్యాద పెరిగేది. ఆ మర్యాదతోనే ఖాళీ చేయమనేవాళ్లు. అప్పటికి నా భార్యకు నెల తప్పి ఉంది. ఆమెకు కావలసింది పెద్ద ఇల్లేమీ కాదు. కాన్పయ్యేదాకా ఎవరూ లెమ్మనని ఒక మూల, అంతే.

చేతిబండి మీద సామాను పెట్టుకుని వచ్చి, గేటు దగ్గరే అవ్వతో అన్నాను. "అవ్వా, తర్వాత గొడవ పడేకంటే మేమెవరమో ముందే చెప్పేస్తాను."

అవ్వ అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. తల ఎత్తలేదు. "నేను అడిగినానా?"

"అడక్కపోయినా..."

"అబ్బయా, ఆ పిల్ల ఎండలో నిలబడుకోని ఉండాది. ముందు దాన్ని లోపలికి రానీ. నీ వంశం కత నాకు తీరిగ్గా ఓ వానాకాలం చెప్పు, ఇంటాను."

ఆ కాంపౌండు నడిమధ్యన రేకుల పందిరి కింద ఒక పెద్ద రుబ్బురోలు ఉండేది. ఆరు వాటాలకూ అదే రోలు. మధ్యాహ్నం ఎండ తిరిగినప్పటినుంచీ దీపాలు పెట్టేదాకా ఎవరో ఒకరు దాని ముందు కూర్చుని ఉండేవారు. పొత్రం తిరిగే చప్పుడు ఇప్పటికీ నిద్రలో నాకు వినబడుతుంది. దూరంగా గూడ్సు బండి వంతెన దాటుతున్నట్టు, ఎక్కడో ఎవరో పసిబిడ్డను జోకొడుతున్నట్టు ఉండేది. వర్క్‌షాపు సైరను, చర్చి గంట, మసీదు పిలుపు, పక్కవీధి గుడిలో మధ్యాహ్నపు నాదస్వరం, అన్నీ ఆ చప్పుడు మీదుగా దాటి వెళ్లిపోయేవి. అది మాత్రం ఆగేది కాదు.

కొత్తగా వచ్చిన ఇంటివాళ్లకు మొదటి వంతు ఇవ్వడం అవ్వ పెట్టిన వాడుక. వచ్చిన రోజే నా భార్య రుబ్బుకుంది. రుబ్బి, పాత ఇళ్లలో అలవాటైన భయం చొప్పున, రోలుకు బూడిద వేసి, కొబ్బరి పీచుతో తోమి, నీళ్లు కుమ్మరించి, తన చెయ్యి పడిన గుర్తు లేకుండా కడిగి పెట్టింది. కాసేపటికి అవ్వ కేక వినబడింది.

"ఎవురది నా రోలును ఇట్ల గీకి పెట్టింది?"

నా భార్య చేతులు తుడుచుకుంటూ వెళ్లింది. "నేనే అవ్వా. శుభ్రంగానే కడిగినాను. బూడిదేసి తోమినాను."

"అదే అడగతా ఉండా. ఎందుకు తోమినావు? నీ పిండిలో ఏముండాది, ఎలకల మందా?"

పిల్ల తల దించుకుంది. అవ్వ కొంతసేపు ఆమె మొహంలోకి చూసింది. ఏం అర్థమయిందో ఏమో, గొంతు దించింది. "ఇట్ల రా అమ్మణ్ణీ. ఈ రోలుకు ఒక అలవాటుండాది. రుబ్బేది అయినాక అంతా ఎత్తేయగూడదు. అడుగున ఒక పిడికెడు వదలాల. నీ వెనక రుబ్బే దాని పిండికి అదే పులుపు. అది లేకుంటే పొద్దునకు దాని పిండి మొగం ముడుచుకోని కూర్చోనుంటాది. ఇప్పుడు చూడు, ఈ పొద్దు నా పిండికి దిక్కు లేకుండా చేస్తివి."

నా భార్య ఇంట్లోకి పోయి తన గిన్నెలోంచి పిడికెడు పిండి తెచ్చింది. అవ్వ దాన్ని చేత్తో తీసుకుని రోల్లో వేసి, పైన తన నానిన మినప్పప్పు పోసి, పొత్రం తిప్పడం మొదలుపెట్టింది. నా భార్య ఆ రోజు ఇంటికొచ్చి, పిండి అంటిన చెయ్యి కడుక్కోకుండా అట్లాగే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

పులిపిండిని గురించి లేఖనంలో ఉన్న మాట మీద నేను పూటల తరబడి ప్రసంగించాను. పులిపిండి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడిచిపోవడం మాత్రం ఆ రోలు దగ్గరే చూశాను. భాయి భార్య వదిలిన పిడికెడు మేస్త్రి ఇంటి పిండిలో కలిసేది. మేస్త్రి అంటే ఫౌండ్రీలో పనిచేసే తమిళాయన. ఆ ఇంటి పిడికెడు అవ్వ పిండిలో, అవ్వ పిడికెడు గుమాస్తా గారి పిండిలో. ఆరిళ్ల ఇడ్లీలోనూ ఆరిళ్ల చేతులూ ఉండేవి. అది ఏ సంఘమూ తీర్మానించిన పని కాదు. ఎవరూ దాని గురించి మాట్లాడుకునేవాళ్లు కూడా కాదు.

మాట్లాడకపోవడంలోనే ఒక సంగతి ఉంది. గుమాస్తా గారిది మూడు తరాలుగా మద్రాసులో ఉన్న తెలుగు కుటుంబం. ఆచారం పట్టింపు గలవాళ్లు. ఆయన భార్య ఎప్పుడూ అవ్వ తర్వాతే రుబ్బేది. అడుగున ఉన్నది అవ్వ పిండి కాబట్టి ఆమెకు అభ్యంతరం లేదు. అవ్వకు ముందు ఎవరు రుబ్బారో ఆమె అడిగేది కాదు. అవ్వ చెప్పేదీ కాదు. ఆ ఒక్క ప్రశ్న అడక్కుండా ఉండడం మీద ఎన్నో ఏళ్లు ఆ కాంపౌండు చల్లగా నడిచింది.

శ్రావణంలో అవ్వకు జ్వరం తగిలింది. రోలు దగ్గరికి రాలేదు. ఆ రోజు నా భార్య రుబ్బి లేవగానే, గుమాస్తా భార్య గిన్నెతో వచ్చి నిలబడింది. అప్పటికే పురసవాక్కంలో వాళ్ల చుట్టాల ద్వారా మా పాత ఇంటి కథ ఆమె చెవిన పడి ఉంది. అడుగున ఉన్న పిడికెడు వైపు చూసింది. బిందెడు పసుపునీళ్లు తెచ్చి, నా భార్య చూస్తుండగానే రోల్లో కుమ్మరించింది. తెల్లటి పిండి పచ్చటి నీళ్లలో తేలి, పందిరి దాటి, మా గడప ముందునుంచే కాలువలోకి పోయింది.

ఆ సాయంత్రం నేను వర్క్‌షాపు నుంచి వచ్చేసరికి నా భార్య ట్రంకు పెట్టె సర్దుతోంది. "ఈసారి వాళ్లు చెప్పకముందే పోదాం," అంది. ఏడవడం లేదు. అదే నన్ను ఎక్కువ కోసింది.

నేను గ్రంథం చంకన పెట్టుకుని గుమాస్తా గారి తలుపు వైపు నడిచాను. చెప్పవలసిన వాక్యాలన్నీ నాలుక చివర మండుతున్నాయి. జ్వరంతో దుప్పటి కప్పుకుని అవ్వ తన అరుగు మీదే ఉంది. "యాడికి అబ్బయా?"

"ఆయనతో రెండు మాటలు మాట్లాడి వస్తాను."

"నీ రెండు మాటలు నాకు తెలుసులే. పెరంబూరులో కుక్కలన్నీ లేచి కూర్చుంటాయి. గుమాస్తా మాత్రం లెయ్యడు. చెయ్యి కడుక్కోని అన్నం తిను, పో."

గుమాస్తా గారు మరునాడే యజమాని దగ్గరికి వెళ్లి వచ్చారు. జవుళి కొట్టు మనిషి కబురు తెచ్చాడు. దీపావళి వెళ్లాక ఆ రైల్వే వాళ్లు వాటా ఖాళీ చేయాలి. నా భార్యకు అప్పటికి పుష్యంలో కాన్పు అని మంత్రసాని చెప్పి ఉంది. దీపావళి తర్వాత ఎక్కడికి పోవాలో మాకు తెలియదు. అవ్వ కబురు విని, "దీపావళి ఇంకా రాలేదు గదా," అంది.

ఆ కాంపౌండులో కొట్లాటకు ఒక పద్ధతి ఉండేది. ఇద్దరికి పడకపోతే ఆ రోజు వాళ్లిద్దరూ కలిసి రుబ్బాలి. ఒకరు పొత్రం తిప్పాలి. ఇంకొకరు పక్కలకు ఎగదన్నే పిండిని చేత్తో గుంటలోకి తోయాలి. రుబ్బిన వాళ్లకు తెలుస్తుంది, తోసే చేతికీ తిరిగే రాతికీ మధ్య ఎంత సందు ఉంటుందో. తిప్పేవాళ్లు ఒక్క క్షణం పరధ్యానంగా ఉంటే తోసేవాళ్ల వేళ్లు నలిగిపోతాయి. "తిట్టుకోండి, ఎవురు వద్దన్యారు. తిప్పతా తిట్టుకోండి," అనేది అవ్వ. గుమాస్తా భార్యతో ఆ మాటే అంది. ఆమె ఒప్పుకోలేదు. నా భార్యతో కలిసి రుబ్బే కంటే వేరే రోలు కొనుక్కుంటానంది. కొనుక్కుంది కూడా.

కొత్త రోలును తవుడు వేసి, నూకలు వేసి ఎన్నో దినాలు ఉత్తినే తిప్పితే గానీ అది ఇసక రాల్చడం మానదు. ఆమెకు అంత ఓపిక లేకపోయింది. ఆ వారమంతా గుమాస్తా గారింట్లో ఇడ్లీ తినే చప్పుడు గోడ ఇవతలికి వినబడేది. భాయి కుట్టుమిషను ఆపి, చెవి పెట్టి విని, నన్నడిగేవాడు. "సార్ తింటా ఉండాడా అన్నా, పళ్లు తోముకుంటా ఉండాడా?"

నవ్వుకున్నాం. కానీ గోడ అవతల ఆమె ఒక్కతే తిప్పుతూ, ఒక్కతే తోసుకుంటూ ఉండేది. పిల్లలు చిన్నవాళ్లు. ఆ ఆయాసం కూడా గోడ ఇవతలికి వినబడేది. నా భార్య మాత్రం ఒక్కరోజూ నవ్వలేదు.

దీపావళి ముందు రోజు వాన. మధ్యాహ్నానికే చీకటి పడినట్టయింది. వర్క్‌షాపు ఒక పూటే కావడంతో నేను ఇంట్లో ఉన్నాను. రేకుల మీద వాన చప్పుడులో ఒక కేక వినబడింది. గుమాస్తా భార్య వేళ్లు పొత్రం కింద పడ్డాయి. గోరు చితికిపోయింది. అవ్వ పసుపు పెట్టి గుడ్డ చుట్టింది. అప్పటికి బియ్యమూ పప్పూ నాని ఉన్నాయి. తెల్లవారితే తలంటు, ఇంటినిండా చుట్టాలు, అందరికీ ఇడ్లీ. నానినది ఆ సాయంత్రం రుబ్బకపోతే పాడయిపోతుంది.

"నువ్వు తోసి పెట్టు అవ్వా. ఎడం చేత్తో నేను తిప్పుకుంటాను," అని అడిగింది ఆమె.

అవ్వ తన వేళ్లు చాపి చూపించింది. వాన ముసురుకు వాతం ముదిరి అవి కొయ్యల్లా ఉన్నాయి. "ఇవి రోల్లో పెడితే రేపు నీ ఇడ్లీలో ఎముకలు ఏరుకోవాల. మేస్త్రి పెళ్లాము, ఆ చివర వాటామె ఊర్లకు పాయిరి. భాయి ఇంటామెకు పసిబిడ్డ. ఈడ చెయ్యి ఖాళీగా ఉండేది ఆ పిల్ల ఒకతే. పొయ్యి అడుగు."

"నేనెట్ల అడిగేది?"

"నోటితో."

గుమాస్తా భార్య మా గడప ముందు వానలో నిలబడింది. లోపలికి రాలేదు. నా భార్య బయటికి పోలేదు. నా గొంతులోకి ఒక ప్రసంగం పూర్తిగా ఎక్కి కూర్చుంది. నోరు తెరవబోతూ ఉంటే, ఆమె వెనకనే వచ్చిన అవ్వ నా చేతికి గొడుగు ఇచ్చింది. "ఇది పట్టుకో అబ్బయా. నోరు ఎప్పుడైనా తెరుచుకోవచ్చు."

"పప్పు నాని పొంగిపోతా ఉంది," అంది గుమాస్తా భార్య, ఎవరివైపూ చూడకుండా. "తోసేదానికి ఎవరూ లేరు."

నా భార్య అడిగింది. "నా చెయ్యి పడితే మీకు పరవాలేదా?"

వాన చాలాసేపు కురిసింది. నాకు అట్లా అనిపించింది. చివరికి ఆమె, "నా చెయ్యి ఎడమది," అంది. "నేను తిప్పితే నీ వేళ్లు నలగొచ్చు. నీకు పరవాలేదా?"

అవ్వ ఇద్దర్నీ పాత రోలు దగ్గరికే నడిపించింది. "ఆ కొత్త రాయి పండక్కు వద్దు. చుట్టాలు పళ్లు రాలగొట్టుకోని పోతారు," అంది. పందిరి రేకుల సందుల్లోంచి చుక్కలు పడుతున్నాయి. నేను రోలు మీదికి గొడుగు పట్టుకుని నిలబడ్డాను. గుమాస్తా భార్య ఎడం చేత్తో పొత్రం పట్టుకుంది. నా భార్య పెద్ద కడుపుతో పీట మీద సర్దుకుని కూర్చుని, చెయ్యి రోల్లో పెట్టింది. పొత్రం కదలలేదు. గుమాస్తా భార్య ఆ చేతివైపే చూస్తోంది. తర్వాత చాలా మెల్లగా, నిద్రలో ఉన్న బిడ్డను పక్కకు జరిపినట్టు, తిప్పడం మొదలుపెట్టింది.

ఎంతసేపు రుబ్బారో తెలియదు. మొదట మాటల్లేవు. తర్వాత "ఆగు" అనీ, "కొంచెం నీళ్లు" అనీ రెండు మాటలు. ఆ తర్వాత "ఎన్నో నెల?" అని ఆమె అడిగింది. "ఏడు," అంది నా భార్య. "కూర్చోలేకపోతే చెప్పు, ఆపుతా." వాన, పొత్రం, ఆ ఇద్దరి గొంతులు. తెల్లటి పిండిలో ఎవరి వేళ్లు ఎవరివో గుర్తుపట్టలేకపోయాను. నేను జీవితంలో ఎన్నో కూడికల్లో నిలబడ్డాను. మోకాళ్ల మీద నిలబడి ఏడ్చిన కూడికలున్నాయి. ఆ గొడుగు కింద నిలబడినంత నిశ్శబ్దంగా ఎక్కడా నిలబడలేదు.

రుబ్బడం అయింది. గుమాస్తా భార్య పిండి గిన్నెలోకి ఎత్తుకుంది. అంచులు తుడిచింది. అడుగున పిడికెడు మిగిలింది. దానివైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. "నీది ఇంకా రుబ్బుకోలేదు గదా," అని నా భార్యతో అని, గిన్నె ఎత్తుకుని వానలోకి వెళ్లిపోయింది.

పండగ మరునాడు గుమాస్తా గారే యజమాని దగ్గరికి పోయి, ఖాళీ చేయించే మాట వెనక్కి తీసుకున్నారు. నాతో మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం మాట్లాడలేదు. నన్ను చూస్తే గొడుగు అటు తిప్పుకుని పోయేవారు. అవ్వను అడిగితే, "మాట్లాడకపోతే పోనీలే. నీ ఇల్లు ఉండాదా లేదా? మొగోళ్లకు నోరు నానేదానికి దినాలు పడతాది. బియ్యం మాదిరి కాదు," అంది. మా పాప ఆ కాంపౌండులోనే పుట్టింది. మొదట నీళ్లు పోసింది అవ్వ. గుడ్డలు ఉతికింది భాయి భార్య. కారం పొడి కొట్టి పంపింది గుమాస్తా భార్య.

ఆయన నోరు నానిన రోజు కూడా నాకు గుర్తుంది. ఆంధ్ర రాష్ట్రం కోసం ఊరంతా ఉడికిపోతున్న రోజులవి. ట్రాముల్లో, కాఫీ హోటళ్లలో, మద్రాసు ఎవరిది అన్నదొక్కటే మాట. మేస్త్రి తమిళంలో 'ఎంగళుదు', మాదే అన్నాడు. గుమాస్తా గారు తెలుగులో మాదే అన్నారు. అప్పటిదాకా ఒకరి పిల్లల్ని ఒకరు ఎత్తుకుని తిరిగినవాళ్లు. మాట మాట పెరిగి మేస్త్రి చొక్కా చేతులు మడిచాడు. అవ్వ ఇద్దరి మధ్యకూ నానిన పప్పు గిన్నె తెచ్చి పెట్టింది.

"మద్రాసు ఎవురిదో మెల్లగా తేల్చుకోండి. రేపటికి ఇడ్లీ ఎవురికి కావాలో అది ముందు తేల్చండి. కూర్చోండి ఇద్దరూ."

వాళ్లు అంతకు ముందు జన్మలో రోలు ముట్టినవాళ్లు కాదు. వాటాల గడపల్లో ఆడవాళ్లందరూ వచ్చి నిలబడ్డారు. కాదంటే పరువు పోతుంది. మేస్త్రి తిప్పాడు, గుమాస్తా గారు తోశారు. ఆయన అరుస్తున్నారు. "మెల్లగా తిప్పవయ్యా, ఇక్కడ వేళ్లున్నాయి."

"మద్రాసు ఎంగళుదు అని ఒక్క మాట చెప్పు సార్. నిలిపేస్తాను."

"వేలు పోయినా చెప్పను."

"సరి, వేలు పోనీ."

ముందు నవ్వింది గుమాస్తా గారే. నవ్వితే చేతిలో పట్టు పోయి పిండి ఆయన కళ్లజోడు మీదికి చిందింది. అప్పుడు ఆయన నావైపు తిరిగి, ఎన్నో నెలల తర్వాత, "ఏమండీ బోధకులు, నిలబడి చూస్తారేం, నీళ్లు పోయండి," అన్నారు. మరునాడు ఆ ఇడ్లీ రాళ్లల్లా వచ్చింది. అవ్వ ఆరిళ్లకూ సమంగా పంచి, అందరూ తినేదాకా కదల్లేదు.

ఇట్లాంటివి తలుచుకుంటూ పోతే ఎన్నో. రంజాను నెలలో అవ్వ తన వంతు భాయి ఇంటికి ఇచ్చేసేది, ఆ ఇంటామె ఉపవాసంతో ఎండలో కాచుకుని ఉండకూడదని. క్రిస్మసు ముందు మా పాపకు గౌను కుట్టమని భాయి దగ్గర గుడ్డ పెట్టేది. పేరు అడిగినట్టు కులం అడిగేవాళ్లను చూస్తే మాత్రం ఆమెకు చెవుడు వచ్చేది. "ఏమన్యావు? వినబళ్లే," అనేది. మళ్లీ అడిగితే మళ్లీ అదే. అడిగినవాళ్లే అలసిపోయి ఊరుకునేవాళ్లు.

చదువుతున్నవారిని ఒక మాట అడుగుతాను. ఇక్కడ నా పాత గొంతు కొంచెం లేస్తే క్షమించండి. మనం వేదికలెక్కి అందరూ ఒక్కటే అంటాం. నేనూ అన్నాను, ఇంకా అంటాను. కానీ మీ వీధిలో, మీ ఇంటి వరుసలో, మీకు పడనివాళ్లతో కలిసి మీరు చేసే పని ఒక్కటైనా ఉందా? వాళ్ల చెయ్యి మీ చేతికి తగిలేంత దగ్గరగా, వాళ్లు పరధ్యానంగా ఉంటే మీ వేలు నలిగేంత దగ్గరగా చేసే పని? లేకపోతే ఏదో ఒకటి పెట్టుకోండి. నీళ్లు మోసే పనో, పందిరి వేసే పనో, ఏదైనా సరే. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి వంతు ఇవ్వండి. అవ్వకు చదువు రాదు. నేను చదివి వినిపించిన వాక్యాలు ఆమె వింటూ వింటూ కునికేది. కానీ ఆ వాక్యాలు ఎక్కడ నిలబడాలో అక్కడ ఆమె ఎప్పుడో వచ్చి కూర్చుని ఉంది. ఇది కోపంతో చెప్పడం లేదు. కృతజ్ఞతతో చెబుతున్నాను.

పోయిన ఏడాది నుంచి ఆమెకు చూపు తగ్గింది. మధ్యాహ్నం అరుగు మీద పడుకుని, చప్పుడు బట్టి ఎవరు రుబ్బుతున్నారో చెప్పేది. "మేస్త్రి పెళ్లాం. దానికి ఈ పొద్దు కోపంగా ఉండాది." "మన బోధకుడి పెళ్లాం. పాట పాడుకుంటా ఉండాది లోపల్లోపల." నా భార్యను అడిగితే, అవును, పాడుకుంటూనే ఉన్నానంది.

ఆ ఆదివారం పొద్దున భాయి, నేను కాంపౌండుకు చేరేసరికి ఇంకా మంచు విడలేదు. అవ్వను అరుగు మీద పడుకోబెట్టి ఉన్నారు. తల దగ్గర దీపం. గుమాస్తా గారు కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని ఉన్నారు. మేస్త్రి వెదురు తేవడానికి పోయాడు. నేను మా వాటాలోకి పోయి చేతిసంచి పెట్టాను. కాఫీకి రాజేసిన కట్టెల మీద నా భార్య నీళ్లు చల్లేసింది. బూడిద తడిసి నల్లగా ఉంది. పాప ఆకలి అనలేదు. అవ్వ వాళ్లలో ఇంట్లో మనిషి పోతే, శవం లేచేదాకా పొయ్యి వెలిగించరు. మా వాళ్లలో ఆ ఆచారం లేదు. భాయి వాళ్లకూ లేదు. "నీకెవరు చెప్పారు?" అని అడిగాను. "ఎవరూ చెప్పలేదు," అంది.

బయటికి వచ్చి నిలబడ్డాను. భాయి ఇంటి కిటికీలోంచి వాళ్ల పొయ్యి కనబడుతోంది, చల్లగా ఉంది. మేస్త్రి ఇంట్లోనూ అంతే. తల ఎత్తి చూశాను. ఆరు వాటాల కప్పుల మీదా ఎక్కడా పొగ లేదు. పెరంబూరులో ఆ వేళకు పొగ లేని కప్పులు నేను చూసి ఎరగను. ఎండ అప్పుడే పెంకుల మీదికి వచ్చింది. తడిసిన పెంకుల మీద నుంచి మంచు ఆవిరై, ఏ ఇంటి మీద నుంచి ఎంత లేచిందో తెలియకుండా, మెల్లగా పైకి పోతోంది.